వంక పెట్టని ముద్ద

గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైనులో ఎవరింట్లో ఏం వండుతున్నారో చెప్పడానికి నాకు కళ్లు అక్కర్లేదు, ముక్కు చాలు. అలాంటి నన్ను కొమురెల్లి మూడు వారాలు మోసం చేశాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

కొమురెల్లి మా పక్కింటివాడు. బొగ్గుబాయిలో దిగి టబ్బుల్లో బొగ్గు నింపే పని. డెబ్బై రెండులో, వానలు పడే రోజుల్లో, జ్వరమొచ్చి అతని భార్య ఐలవ్వ పోయింది. పిల్లల్లేరు. దినాలయ్యేదాకా లైనంతా వంతులు వేసుకుని అన్నం పెట్టాం. ఆ తర్వాత అతను చేతులు జోడించాడు.

"ఇగ చాలు మల్లక్కా, నేనే వండుకుంట."

మర్నాడు పొద్దున్నే అతని గడప ముందు బొగ్గుల పొయ్యి పొగ లేచింది. రోజూ లేచింది. మనిషి కుదుటపడ్డాడని అందరం సంతోషించాం.

మూడు వారాలకు ఒంటి మీద అంగీ వేలాడసాగింది. అతనితో ఒకే షిఫ్టు చేసే సామ్యేల్ మా ఇంటికొచ్చి, "కొమురెల్లన్న టబ్బు నింపుకుంట తూలి పడ్డడక్కా. గిట్లయితే మనిషి దక్కడు," అన్నాడు. వెంట వచ్చిన అతని భార్య లిడియా వాకిట్లోనే నిలబడి గాలిని వాసన చూసింది.

"అక్కా, పొగైతే వస్తున్నది. పోపు వాసన ఎన్నడన్న వచ్చిందా?"

నాకు తల కొట్టేసినట్టయింది. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, గిన్నె లేకుండా వస్తుందని ఎవరూ చెప్పలేదు. వెళ్లి చూద్దును కదా, పొయ్యి మీద ఏమీ లేదు. పక్కనే కూర్చుని హోటలు చాయలో బన్ను ముంచుకుంటున్నాడు.

"ఎవల కోసం రాజేసినవ్ తమ్మీ ఈ పొయ్యి?"

"మీ కోసమే అక్కా. పొగ కనవడకుంటె మీరు ఊకోరు గద."

చెయ్యి పట్టుకుని మా ఇంటికి లాక్కొచ్చాను. బీరకాయ కూర, పచ్చిపులుసు వడ్డించాను. రెండు ముద్దలు తిని, "మంచిగున్నది," అని లేవబోయాడు.

"మంచిగుంటె తినకపోతివేంది?"

"దిగుతలేదక్కా." చేతికంటిన మెతుకులు పళ్లెంలోకి విదిల్చాడు. "ఐలవ్వ వండితె నేనెన్నడు మంచిగున్నదనలే. ఉప్పు లేదంటుంటి, పులుపెక్కువైందంటుంటి. అది తిరిగి ఒకటి అంటుండె. గట్ల అనుకుంటనే గిన్నె ఒడుస్తుండె. మీరు పిలిచి పెడ్తున్నరు, మీకు వంకెట్ల పెడ్త? వంక పెట్టకుంటె నాకు ముద్ద దిగదు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా వంటను మెచ్చుకున్న మనిషిని తిట్టడం నాకదే మొదలు.

"పెట్టు మరి! నీ నోరు పడిపోయిందా?"

అతను ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని, భయం భయంగా, "బీరకాయ ముదిరింది. సరిగ ఉడకలే," అన్నాడు.

"కాయ ముదరలే, నీ పండ్లు ఊగుతున్నయి!"

"పచ్చిపులుసుల ఉప్పే లేదు."

"అవు, నేను గూడ అందామనుకున్న," అన్నాడు పక్కనే తింటున్న మా ఇంటాయన సదయ్య, ఇరవై ఏళ్లలో మొదటిసారి. నేను చూసిన చూపుకు మళ్లీ తల ఎత్తలేదు. గడప దగ్గరున్న లిడియా నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

కొమురెల్లి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చాడు.

"ఒక్కనాడన్న మంచిగున్నదని దానికి చెప్పకపోతినక్కా. గదే నన్ను తింటున్నది."

నా కోపం అప్పటికి పక్కన పెట్టాను. "దానికి తెల్వదనుకున్నవా? నల్లా కాడ నీళ్లు పట్టుకుంట మాతోని ఏమంటుండెనో ఎర్కేనా? 'మా ఇంటాయన వంకలు పెడ్తడు గని, గిన్నె గట్ల నాకుతడు, నాకు తోమే పనే ఉండది' అని మురిసిపోతుండె."

అతను తలెత్తాడు. ఆ మాట ఎన్నడూ వినలేదు పాపం. ఇక వినబడదనుకున్న మనిషి మాట కొత్తగా ఒకటి దొరికింది. పళ్లెం నా ముందుకు జరిపాడు. అన్నం వేశాను.

"ఇంకేమంటుండె అక్కా?"

ఐలవ్వ మాటలు నాకు బోలెడు గుర్తున్నాయి. నోటిదాకా వచ్చాయి కూడా. ఈలోగా లిడియా అందుకుంది.

"నాతోని అన్నయి వేరే ఉన్నయన్నా. గవి మా ఇంట్ల తింటనే చెప్త."

మర్నాడు లిడియా ఇంకా బియ్యం కడగకముందే కొమురెల్లి వెళ్లి వాళ్ల గడప మీద కూర్చున్నాడు.