ఏసీ గదికి ప్రమోషన్

డయాలిసిస్ సెంటరు నడిపే పెద్దమనుషులారా, సుందరవల్లి నెత్తురులోకి ఆ క్రిమిని ఎక్కించింది మీరే. ఎక్కించి, నోరు మూసుకుని, ఆమెను ఏసీ గదిలో పడుకోబెట్టిందీ మీరే.

ఆ గది సంగతి వినండి. తమిళనాడు రాజపాళయంలోని ఆ సెంటర్లో ఒక పెద్ద హాలు. మంచానికో మిషను, అందరికీ కలిపి మూలుగుతూ తిరిగే రెండు ఫ్యాన్లు. పక్కన ఒక చిన్న గది, అందులో ఒకే మిషను, ఏసీ, టీవీ. కిడ్నీలు పాడై అక్కడికి వచ్చే అందరి కన్నూ ఆ గది మీదే. స్పిన్నింగ్ మిల్లులో నూలు చుట్టే సుందరవల్లిని ఒకరోజు చెప్పాపెట్టకుండా అందులోకి మార్చారు. మిల్లులో ఎన్నడూ రాని ప్రమోషన్ ఇక్కడ వచ్చిందని ఆమె పొంగిపోయింది. సీరియల్ చూస్తూ, తెరిచిన తలుపులోంచి హాల్లోవాళ్లకి కథ కేకేసి చెప్పేది.

హాల్లో మంచం దక్కిన జవుళి కొట్టు యజమాని వీరరాఘవకి ఇది మింగుడు పడలేదు.

"ఏం వల్లీ, మేము చెమటలో నానేది, నువ్వు మహారాణి మాదిరి పండుకొనేదా? ఎవురిని పట్టుకొన్నావు?"

"మొగం చూసి ఇచ్చినారు మొదలాళీ. మీ మొగానికి ఆ ఫ్యానే జాస్తి."

హాలంతా నవ్వింది. వీరరాఘవ ఊరుకుంటాడా? తర్వాతి వంతుకి ముందే వచ్చి, ఆ గది తనకే కావాలని మేనేజర్ చొక్కలింగం మీద పడ్డాడు.

"అది మీకు వద్దు సార్," అన్నాడు చొక్కలింగం. ఎందుకో మాత్రం చెప్పడు.

"ఏం, నేను మనిషి కాదా?" అంటూ వీరరాఘవ చెప్పులు విడిచి నేరుగా ఆ మంచమెక్కాడు. నర్సు జెయంతి పరిగెత్తుకొచ్చింది.

"దిగండి అన్నాచ్చీ! అది హెపటైటిస్ సి ఉండేవాళ్ల మిషను!"

వీరరాఘవ ఎగిరి దూకి పంచె దులుపుకున్నాడు.

"మంచమెక్కితే రాదు అన్నాచ్చీ, నెత్తురు కలిస్తేనే," అంది జెయంతి. అప్పుడు చూసింది, గుమ్మంలో నిలబడ్డ సుందరవల్లిని.

"నాకా సిస్టర్?"

జెయంతి నాలుక కరుచుకుంది. ఇక దాచలేక చెప్పేసింది. అది కాలేయాన్ని తినే వైరస్. సెంటర్లో చేరినప్పుడు ఆమెకి లేదు. మూడు నెలల కిందటి పరీక్షలో బయటపడింది.

"దానికి మందు లేదా?"

"ఉంది అక్కా. మూడు నెలలు మాత్రలు మింగితే చానామందికి పూర్తిగా పోతుంది."

"మూడు నెల్లు నాకు సీరియల్ చూపించినారే! మాత్ర ఇచ్చింటే ఈపాటికి బాగయ్యుందును కదా!"

"మీరు బయట ఎక్కడో పల్లు పెరికించుకొని ఉంటారు, అక్కడ అంటుకొని ఉంటుంది," అని గొణిగాడు చొక్కలింగం.

"నోరు తెరుస్తా, వచ్చి చూడు, ఒక్క పల్లు పోలేదు. ఒకరికి సూది తీసిన గ్లవుతోనే ఇంకొకరి దగ్గరికి వచ్చేది మీ ఆళ్లే. నేనేమి కండ్లు మూసుకొని పండుకొన్నానా?"

వీరరాఘవ హాలువైపు చూశాడు. "నాకు ఆ పరీక్ష ఎప్పుడు చేసినారయ్యా?" అని అడిగాడు. చొక్కలింగం బయటికి జారుకోబోయాడు. వీరరాఘవ కుర్చీ లాక్కుని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు.

"నువ్వు అడుగు వల్లీ. ఈయన యాడికీ పోడు."

"విను చొక్కలింగం. నా రిపోర్ట్ ఈ పొద్దే నా చేతికియ్యి. మాత్రలు ఈ పొద్దే మొదలుపెట్టించు. ఈ హాల్లో ఉండే అందరి నెత్తురూ ఇప్పుడే పరీక్షకి పంపు, ఏమొచ్చిందో వాళ్ల మొగానే చెప్పు. మంచం మంచానికీ చెయ్యి కడిగి, కొత్త గ్లవు ఏసుకొని రమ్మను. ఇప్పుడే, మా ముందరే!"