తూర్పు స్తంభం కోడలు

ఆ ఆదివారం మధ్యాహ్నం మా దీవి సభామందిరమైన మనేయబాలో హాజరైనవారు, ఆసీనులైన వరుసలో వీరు: తూర్పు స్తంభానికి వీపు ఆనించి ఆ స్తంభం వంశానికి పెద్దయిన తెరౌబా, ఆయన కుడివైపున పాస్టరు బీరెటి, ఆ తరువాత తక్కిన వంశాల వృద్ధులు, పడమటి స్తంభం వద్ద సభ నమోదులు రాసే విశ్రాంత ప్రధానోపాధ్యాయుడినైన నేను, మా అందరి వెనుక స్త్రీలు, వారిలో చిట్టచివర తెరౌబా కోడలు తిరోయా.

పోటుకు పడమటి గాలి తోడై సముద్రం దీవిపైకి రాగలదనీ, అందరూ బడి మేడపైకి చేరాలనీ రేడియో ఉదయమే హెచ్చరించింది. అయితే మా కట్టుబాటు ప్రకారం, సభ ఒకసారి కూర్చున్న తరువాత తూర్పు స్తంభం పెద్ద లేవమనే వరకు ఎవరూ లేవరాదు. ప్రతి వంశమూ మాట్లాడితే తప్ప ఆయన ఆ మాట అనరాదు.

పాస్టరు ముందుగా మాట్లాడారు. "మేడ ఎందుకండీ? మళ్ళీ జలప్రళయం పంపనని దేవుడు నోవహుకి మాటిచ్చాడు. మబ్బులో గుర్తు కూడా పెట్టాడు. మాటిచ్చి మర్చిపోడానికి ఆయనేమైనా మన మంత్రా?"

వృద్ధులు నవ్వారు. తెరౌబా నవ్వలేదు.

"బీరెటీ, నువ్వు బైబిల్లో మొదటి పేజీల్లోనే ఆగిపోయావు. చివరిదాకా చదువు. బావులు ఉప్పెక్కాయి, చామదుంపల గుంటలు కుళ్ళాయి, మా తాత సమాధిని అలలు తవ్వుకుపోయాయి. అన్నీ ప్రభువు రెండో రాకడ గుర్తులే. ప్రభువు వస్తుంటే మేడెక్కి దాక్కుంటావా?"

"నీళ్ళే రావంటున్నాను పెద్దాయనా!"

"వస్తాయి. రానీ."

నీరు రాదన్న ఆయనా, రావలసిందే అన్న ఈయనా, ఇద్దరూ విశ్వాసులే. ఎవరి మాట విన్నా చేయవలసింది మాత్రం కూర్చోవడమే. వాదం మూడవ వంశానికి చేరింది.

అప్పటికి తిరోయా చాప అంచు తడిసింది. ఆమె భర్త ఓడ పనిలో దూరాన ఉన్నాడు. కాళ్ళు పడిపోయిన అత్తగారు కాతువా ఒడ్డునున్న ఇంట్లో ఒంటరిగా ఉంది. తిరోయా మోకాళ్ళపై పాకుతూ మామగారి వెనుకకు వచ్చింది.

"మామయ్యా, అత్తయ్య ఒక్కతే ఉంది. వెళ్ళి తీసుకొస్తా."

"వరుస ఇంకా పూర్తి కాలేదు."

"అయ్యేదాకా సముద్రం ఆగుతుందా?"

"మీ అత్త ప్రభువు చేతుల్లో ఉంది. కూర్చో."

తిరోయా లేచింది. వంగి కాదు, నిటారుగా, వృద్ధుల మధ్యనుండే నడిచింది.

"సిగ్గు లేదూ?" అని ఒకాయన అరిచాడు.

"ఉంది బాబాయ్. తిరిగొచ్చాక పడతాను."

నాలుగవ వంశం వృద్ధుడు మాట్లాడుతుండగా అల మందిరంలోకి వచ్చింది. లేవమని చెప్పవలసిన అవసరం ఎవరికీ లేకపోయింది.

సాయంత్రం నీరు తీసిన తరువాత, పరుగెత్తి చేరుకున్న బడి మేడ దిగి తెరౌబా ఇంటికి వెళ్ళాము. గోడలు లేవు, కప్పు, స్తంభాలు నిలిచి ఉన్నాయి. దూలం దగ్గర, స్తంభానికి కట్టిన కాతువా బ్రతికే ఉంది. ఆమెను కట్టినది కోడలి నడుముగుడ్డతో.

"కోడలు ముడి గట్టిగా ఉందో లేదో చూస్తూనే ఉంది," అన్నది కాతువా. "అంతలో అల వచ్చింది. తనని తాను కట్టుకోడానికి దానికి ఇంకో గుడ్డ లేదు."

తిరోయా మరునాడు పగడపు దిబ్బపై దొరికింది.

ఖననం తరువాత సభ మళ్ళీ కూర్చున్నది. అనుమతి లేకుండా లేచిన వారి కుటుంబం మందిరంలో క్షమాపణ చాప పరచాలన్నది నియమమని ఒక వృద్ధుడు గుర్తు చేశాడు. ఆ కుటుంబానికి పెద్ద తెరౌబాయే.

"పరచను," అన్నాడు తెరౌబా. "కోడలు లేవడం తప్పంటే నా భార్య బ్రతకడం కూడా తప్పే అవుతుంది. మాస్టారూ, రాయండి."

పాస్టరు బీరెటి తల వంచుకుని, తనకూ అంగీకారమేనన్నారు. ఎవరూ కాదనలేదు. కనుక ఈ విధంగా నమోదు చేయడమైనది: తూర్పు స్తంభం వంశపు కోడలు తిరోయా, అనుమతి లేకుండా సభనుండి లేచి వెళ్ళి, తన ప్రాణం ఇచ్చి, అత్త కాతువాను బ్రతికించినది. ఆమె చేసిన పని న్యాయమైనదని ఈ సభ అంగీకరిస్తూ, ఆమెకు తన కృతజ్ఞత తెలుపుకుంటున్నది.