కొట్టంలోకొచ్చిన ఎల్లమ్మ

“ఎట్లాగూ బయటున్నవ్ గద, గీ బొంతలు జర ఉతికెయ్యరాదే,” అంటూ అత్త వెంకటనర్సమ్మ గడప అవతలి నుంచే మూటను వాకిట్లోకి విసిరింది.

ఆండాలు మూట అందుకుంది. అప్పుడే మిల్లు నుంచి వచ్చింది, కాళ్లు కూడా కడుక్కోలేదు. నెలకు మూడు రోజులు ఆమె ఇంట్లో అడుగు పెట్టకూడదు. పొయ్యి ముట్టకూడదు, మంచినీళ్ల కుండ ముట్టకూడదు, కన్నబిడ్డను ముట్టకూడదు. మాసిన బట్టలు ముట్టవచ్చు. పేడ ఎత్తవచ్చు, కట్టెలు కొట్టవచ్చు, బర్రెకు కుడితి పెట్టవచ్చు. ఆడదానికి విశ్రాంతి కోసమే ఈ మూడు రోజులూ పెట్టారట పెద్దలు. ఆ పెద్దల్లో నడుము నొచ్చినవాళ్లు ఒక్కరూ ఉన్నట్టు లేరు.

మిల్లులో ఈ పట్టింపేమీ లేదు. మిర్యాలగూడ మిల్లుల్లో ఉడకేసిన వడ్లను గచ్చు మీద ఆరబోస్తే, ఆడవాళ్లు వాటి మీద నడుస్తూ కాళ్లతో చాళ్లు తీయాలి. పైన ఎండ, కింద ఆవిరి. పనిలోకి వచ్చావా లేదా అనేదే గుమస్తాకు కావాలి, బయటున్నావా లోపలున్నావా అని ఏనాడూ అడగలేదు. ఆ వడ్లే బియ్యమై అందరి ఇళ్లకూ పోతాయి, దేవుళ్లకు నైవేద్యం అవుతాయి. ఈ మాటే ఒకసారి మొగుడితో అంది. దశరథ అదే మిల్లులో హమాలీ.

“మిల్లు మిల్లే, ఇల్లు ఇల్లే. నీకు నోరు ఎక్కువైతున్నదే ఆండాలూ,” అన్నాడతను నవ్వుతూ. ఎద్దు పుండు కాకికి నొప్పా!

బొంతలు ఉతికి, పిండి, కంచె మీద ఆరేసేసరికి సాయంత్రం నాలుగు దాటింది. బర్రె కొట్టంలో ఓ మూలకు గోనె సంచి పరుచుకుని నడుం వాల్చింది. ఈ మూడు రోజులూ ఆమె పక్క అక్కడే. పోయిన నెల ఆ మూలనే, కట్టెల సందులోంచి రెండు మూరల పాము బయటికొచ్చింది. ఆమె కేకకు దశరథ కర్ర పట్టుకుని వచ్చేసరికి అది ఎటో పోయింది. “పక్కన కర్ర పెట్టుకొని పండుకో,” అని తలుపేసుకున్నాడు. అత్త లోపల్నుంచే, “అంత భయమైతే ఎల్లమ్మకు మొక్కుకో,” అంది. అప్పట్నుంచి ఆ కొట్టంలో ఆండాలుకు కంటి మీద కునుకు లేదు. ఆ వేళ మాత్రం ఒళ్లు అలసి, తెలియకుండానే కన్ను మూతపడింది.

మెలకువ వచ్చేసరికి పసుపు వాసన. తల పక్కన ఎల్లమ్మ చెంబు ఉంది. ఇత్తడి చెంబు, మెడకు పసుపు తాడు, మూతి మీద వేపరెమ్మ. ఇంట్లో దేవుని గూట్లో ఉండాల్సింది. మంగళవారం తలస్నానం చేసి వెంకటనర్సమ్మ తప్ప ఇంకెవరూ తాకనిది. దాని పక్కనే మోకాళ్లు ముడుచుకుని కూతురు సైదమ్మ కూర్చుంది. జాన్‌పహాడ్ దర్గాలో సైదులుకు మొక్కుకుంటే పుట్టిన పిల్ల, ఐదేళ్లది.

ఆండాలు దిగ్గున లేచి కూర్చుంది. “ఎవరు తెచ్చిన్రు బిడ్డా ఇది?”

“నేనే. ఎల్లమ్మ ఉన్నకాడికి పాము రాదంట, నాయనమ్మ చెప్పింది. లోపల మేం ముగ్గురం ఉన్నం. నువ్వొక్కదానివే ఉన్నవ్.”

“ఎల్లమ్మకు కోపమొస్తది గద!”

“ఎందుకొస్తది? అడిగే తెచ్చిన. మా అమ్మతాన పండుకుంటవా అన్న. వస్త అన్నది. ఎత్తితే బరువే లేదమ్మా!”

పెళ్లయిన పదకొండేళ్లలో ఆండాలు ఆ గూటికి ఎన్నిసార్లు మొక్కిందో లెక్కలేదు. మొగుడి జ్వరానికి మొక్కింది, బర్రె ఈతకు మొక్కింది, అత్త మోకాళ్ల నొప్పులకు మొక్కింది. ఆ తల్లి గూట్లోంచి దిగి ఈ పేడ వాసనలోకి, తన కోసం వస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. నడుం మీద ఎవరో చల్లటి చెయ్యి వేసినట్టనిపించింది. కళ్లు తుడుచుకోబుద్ధి కాలేదు, కారనిచ్చింది.

ఇంతలో ఇంట్లోంచి కేక. “ఓ అవ్వో, గూడు ఖాళీగున్నది!” వెంకటనర్సమ్మ వాకిట్లోకి వచ్చి, కొట్టంలోకి చూసి గుండెలు బాదుకుంది. “ముట్టుదాని పక్కన తల్లిని పెట్టిన్రు! కళ్లు పోతయే పోరీ!”

పని నుంచి అప్పుడే వచ్చిన దశరథ బిడ్డ మీదికి చెయ్యెత్తాడు. సైదమ్మ తల్లి దగ్గరికి రాబోయి, ముట్టకూడదని గుర్తొచ్చి, మధ్యలోనే ఆగిపోయింది. రెండు అరచేతులూ కళ్లకు అడ్డం పెట్టుకుంది.

“అమ్మా, నా కళ్లు పోతయా?”

“సూస్తవేందే? చెంపలేసుకొమ్మని చెప్పు నీ బిడ్డకు!” అంది అత్త.

చెప్పేస్తే అయిపోతుంది. తప్పయిందనడం ఆండాలుకు అలవాటే, గొడవ ఖతం చేయడానికి అంతకంటే దగ్గర దారి లేదు. కానీ రేపట్నుంచి ఈ పిల్లకు ఎల్లమ్మ అంటే కళ్లు పీకే మనిషి. ఇంకో ఏడెనిమిదేళ్లకు ఈ మూలనే, ఈ గోనె సంచి మీదనే, ఇదీ ఒంటరిగా పడుకోవాలి. అప్పుడు దీనికి తోడు కూడా ఎవరూ ఉండరు.

“పోవు బిడ్డా,” అంది ఆండాలు. “నువ్వు పిలిస్తే నా కోసం వచ్చింది తల్లి. తోడొచ్చినోళ్లు కళ్లు పీకుతరా?”

లేచి నిలబడింది. నడుం కలుక్కుమంది. ఒక చేత్తో చెంబు ఎత్తుకుంది, ఇంకో చేత్తో బిడ్డ చెయ్యి పట్టుకుంది.

“ఏడికే?” అన్నాడు దశరథ. ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

“ఇంట్లకు. తల్లి నాతాన పండుకుంటనన్నదంట. తల్లిని కొట్టంల పండవెట్టాల్నా?”

వెంకటనర్సమ్మ గడపకు అడ్డంగా వచ్చింది. ఆండాలు ఆగలేదు. అడ్డం నిలబడితే కోడల్ని ముట్టుకోవాలి, చెంబునూ ముట్టుకోవాలి, స్నానం చేయకుండా. ముసలమ్మ పక్కకు తప్పుకుంది.

“అమ్మా, బరువున్నదా?” అడిగింది సైదమ్మ.

“లేదు బిడ్డా,” అంది ఆండాలు, గడప లోపల కాలు పెడుతూ.