నొప్పి లేదన్నాడు

"నొప్పేం లేదు డాక్టరుగారూ" అన్నాడు ఫుసేని, కళ్లు తెరవకుండానే.

డాక్టరు పొట్ట నొక్కి చూశాడు. కాస్త ఉబ్బి ఉంది, అంతే. ఆపరేషను గది ఒక్కటే, దానికోసం చెయ్యి విరిగినవాడొకడు కాచుకుని ఉన్నాడు. "జ్వరానికి సూది వేసి పడుకోబెట్టు, పొద్దున చూద్దాం" అని నర్సుతో చెప్పి పక్క మంచానికి నడిచాడు.

జువేరా మంచం దగ్గరికి జరిగింది. తమ్ముడి పాదాలు పట్టుకు చూసింది. మండుటెండ వేళ మంచులా ఉన్నాయి.

ఉత్తరాన వానలు మొహం చాటేశాక ఘానా దక్షిణానికి దిగొచ్చిన అక్కాతమ్ముళ్లు వాళ్లు. మొక్కజొన్న యార్డులో వాడు బస్తాలు మోస్తాడు, కూలి బస్తాకి రెండు సేదీలు. ఆమె అక్కడే సజ్జ జావ, అలసంద వడలు అమ్ముతుంది. అమ్ముతుందన్న మాటే గానీ కొనేవాళ్లేరీ? ముఠా మేస్త్రి ఇద్రీసు తెల్లారగానే మనిషికి రెండు నొప్పి బిళ్లలు ఊరికే ఇస్తాడు. పరగడుపున అవి పడితే ఆకలి చచ్చిపోతుంది, నడుం నొప్పి తెలియదు, వంద కిలోల బస్తా దూదిమూట అయిపోతుంది. ఆ బిళ్లలు పంచే పని జువేరాదే. జావ అమ్ముకు బతికే మనిషి ఆకలి చంపే బిళ్లలు పంచడం, ఎంత సిగ్గుచేటు!

ఈ పొద్దున పదో బస్తా దగ్గర ఫుసేని కత్తిపోటు తగిలినట్టు కడుపు పట్టుకుని కూలిపోయాడు. "నాలుగు వెయ్యి, లేస్తాడు" అన్నాడు మేస్త్రి. ఆమె వేసింది. కాసేపటికి నిజంగానే లేచాడు. "పెళ్లికొడుకు లేచాడ్రోయ్" అని అందరూ నవ్వారు. ఇంకో ఇరవై బస్తాలు మోసి, వాంతి చేసుకుని పడిపోయాడు.

మేస్త్రి చెడ్డవాడని ఎవరూ అనరు. తన లారీలోనే ఆసుపత్రికి తెచ్చాడు, చీటీ డబ్బులు తనే కట్టాడు. ముఠావాళ్లతో వరండా బల్ల మీద కూర్చున్నవాడు, ఆమె బయటికి రాగానే గొంతు తగ్గించాడు.

"బిళ్లల మాట మాత్రం ఎత్తకమ్మాయ్. పోలీసులు దిగితే నలభైమంది కూడు పోద్ది. ముందు నిన్నే పట్టుకుపోతారు, ఇచ్చింది నీ చెయ్యేగా."

"వాడు బతుకుతాడా మేస్త్రిగారూ?"

"నొప్పి లేదంటున్నాడుగా. నీకెందుకంత గాభరా?"

ఆమె భయమంతా దానికే. ఆ నొప్పి ఎందుకు తెలియడం లేదో మేస్త్రికి తెలుసు, తనకి తెలుసు, డాక్టరుకే తెలియదు. గిర్రున వెనక్కి తిరిగి లోపలికి పోయి డాక్టరుకి అడ్డంగా నిలబడింది.

"అయ్యా, పొద్దున కడుపు పట్టుకు పడిపోతే వాడికి నాలుగు నొప్పి బిళ్లలు వేశాను. నేనే వేశాను. రోజూ వేస్తాను. వాడి మాట నమ్మకండి."

డాక్టరు వెనక్కి వచ్చి, గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. పేగుల చప్పుడే లేదు. "ఆ బిళ్లలకి పొట్ట లోపల పుండై, నెత్తురు కారి, చిల్లు పడింది; లోపలిదంతా కడుపులోకి పాకేసింది. ముందు ఇతన్ని లోపలికి తోయండి" అన్నాడు నర్సుతో.

"బతుకుతాడా అయ్యా?"

"ఆరు గంటలు పోయాయమ్మా. ఏమీ చెప్పలేను."

తలుపులు మూసుకున్నాయి. గుమ్మంలో నిలబడి అంతా విన్న మేస్త్రి, "మా యార్డులో ఇంక నీ పొయ్యి రాజెయ్యకు" అనేసి వెళ్లిపోయాడు. ముఠావాళ్లు ఒక్కొక్కరే మొహం తిప్పుకుని మెట్లు దిగారు.

రోజుకి అరవై బస్తాలు మోసే సహాదు ఒక్కడే దిగలేదు. వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"అక్కా, నాకు నాలుగు రోజులుగా దొడ్డికి తారులా నల్లగా పోతోంది. ఆ డాక్టరుకి నా సంగతి కూడా చెప్తావా?"