పది చాలు

"చేతులెత్తండి, ఒకసారి లెక్క చూసేసుకుందాం" అన్నాడు టెరియో. అప్పటికి సగంమంది కుర్చీలు కూడా సరిగ్గా జరుపుకోలేదు. అతనికి కోర్టు వీధిలో మందుల షాపు ఉంది, చర్చిలో చందాల పళ్ళెం పట్టుకునేదీ అతనే. అందుకని ఎవరూ అనకముందే జ్యూరీకి పెద్దగా తనే కూర్చున్నాడు. "జార్విస్ నేరం చేశాడనేవాళ్ళు?"

పది చేతులు లేచాయి.

లూర్లీన్ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. పీతల ఫ్యాక్టరీలో డిప్పలు వలిచే చేతులవి, వేళ్ళనిండా గాట్లు. నిమ్మకాయ ఎంత రుద్దినా ఆ వాసన పోదు. పక్కన కూర్చున్నావిడ వారం మొదటి రోజే కుర్చీ కాస్త అటు జరుపుకుంది. బల్ల చివర ముసలి ఆక్టేవ్ కూడా చెయ్యెత్తలేదు. ఇదివరకు పోస్టాఫీసులో పనిచేసేవాడు. పన్నెండుమందిలో నల్లవాళ్ళు వాళ్ళిద్దరే.

ఇప్పుడు 'ఎందుకు కాదంటున్నావు' అని అడుగుతారని లూర్లీన్ కాచుకుని ఉంది. వారమంతా నోరు కుట్టుకుని విన్నది ఈ క్షణం కోసమే. పెట్రోలు బంకులో కుర్రాణ్ణి ఎవరో కాల్చి చంపారు. చూసినవాడు ఒక్కడే, లారీ డ్రైవరు. ఆ రాత్రి పోలీసులతో, కాల్చినవాడు టోపీ కిందికి లాగేసుకున్నాడు, మొహం కనబడలేదన్నాడు. నెలలు గడిచి కోర్టుకొచ్చేసరికి ఆ మొహం జార్విస్‌దే అయిపోయింది. తుపాకీ దొరకలేదు. ఇంకో సాక్ష్యమూ లేదు. పడే శిక్ష యావజ్జీవం. మా లూసియానాలో యావజ్జీవమంటే శవమై బయటికి రావడమే. జార్విస్‌కి ఇరవై ఏళ్ళు నిండలేదు.

టెరియో లేచి గోడకున్న బెల్లు నొక్కాడు.

"ఏవండీ, మేం కాదన్నాం కదా" అంది లూర్లీన్. "మా మాట వినరా?"

"వినడానికేముందమ్మా? పది వచ్చాయి. పది చాలు."

"పది చాలడమేంటండీ? పన్నెండుమందీ ఒక్క మాటమీదికి రావాలి కదా? టీవీలో ఎప్పుడూ అలాగే..."

గది గదంతా నవ్వింది. "టీవీలో వచ్చేది కాలిఫోర్నియా కోర్టు తల్లీ, ఇది మన కోర్టు" అన్నాడొకడు. "పొద్దున జడ్జిగారు చెప్పారుగా, నిద్రపోయావా?" అంది కుర్చీ జరుపుకున్నావిడ.

జడ్జి చెప్పాడు, నిజమే. తీర్పుకి పదిమంది ఒప్పుకోవాలన్నాడు. లూర్లీన్‌కి వినిపించింది, కానీ ఆ మాట తన నోరు మూయడానికేనని ఆమెకి తట్టలేదు. ఎవరికి మాత్రం తడుతుంది? నిన్ను పిలుస్తారు, పని మాన్పిస్తారు, బైబిలు మీద ప్రమాణం చేయిస్తారు, పన్నెండో కుర్చీలో కూర్చోబెడతారు. ఇంత చేసి నీ మాట లెక్కలోకి రాదంటే నమ్మబుద్ధవుతుందా?

బెల్లు విని, బయట కాపలా ఉన్న డెప్యూటీ తలుపు తీశాడు. జడ్జిగారు భోజనానికెళ్ళారు, వచ్చేదాకా ఆగాలన్నాడు. దాంతో జేబుల్లోంచి పేకలు, సంచుల్లోంచి పొట్లాలు బయటికొచ్చాయి. గది నిండా బూడాన్ వాసన, అన్నమూ పంది మాంసమూ కూరిన పేగు.

"ఎలాగూ ఖాళీయే కదండీ" అంది లూర్లీన్. "ఆ లారీ డ్రైవరు మొదట చెప్పిందేంటో ఒక్కసారి..."

"నీ వంతు, వెయ్యి" అన్నాడు టెరియో, ఎదుటి పేకాటగాడితో.

ఒళ్ళు మండిపోయింది లూర్లీన్‌కి. తిట్టినా బాగుండేది. కాదని వాదించినా బాగుండేది. వాళ్ళకి ఆమెతో తగువు కూడా అక్కర్లేదు. ఒక కుర్రాడి బతుకు తెల్లారిపోతుంటే వీళ్ళు ఇస్పేటు ఆసు కోసం చూస్తున్నారు.

ఆమె వెళ్ళి కిటికీ దగ్గర ఆక్టేవ్ పక్కన నిలబడింది. బయట చెరకు లారీలు మిల్లుకి వరస కట్టాయి. తోటలు కాల్చిన మసి కోర్టు మెట్లదాకా పడింది.

"మీకు ముందే తెలుసా పెద్దాయనా?"

"నాకిది మూడో జ్యూరీ అమ్మాయ్. ముందు రెండిట్లోనూ కాదన్నాను. ఆ కుర్రాళ్ళిద్దరూ ఇంకా లోపలే ఉన్నారు."

"మరి ఈ రూలెవడు పెట్టాడు?"

"మన రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. మా తాత కాలంలో రాశారు. అంతకుముందు ఇక్కడా పన్నెండే. బానిసత్వం పోయింది, మనవాళ్ళనీ జ్యూరీలో కూర్చోబెట్టక తప్పలేదు. అప్పుడు దొరలంతా కలిసి సభ పెట్టుకున్నారు, తొమ్మిదిమంది చాలని రాసేసుకున్నారు. ఒకరిద్దరు నల్లవాళ్ళు కూర్చుంటే కూర్చోనీ, ముగ్గురున్నా ఫరవాలేదు. అదీ ఆ దొరల ధైర్యం. ఎందుకు రాస్తున్నారో దాచుకోలేదు కూడా."

"ఇన్నేళ్ళలో మార్చలేదా?"

"ఎందుకు మార్చలేదూ? డెబ్భైల్లో కొత్త రాజ్యాంగం రాశారుగా. హక్కులని పెద్ద అధ్యాయమే పెట్టారు. తొమ్మిదిని పది చేశారు." ఆక్టేవ్ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

తర్వాత గొంతు తగ్గించాడు. "అది కాదమ్మాయ్ నన్ను తినేది. మొదటి కేసులో ఆ కుర్రాడి తల్లి ఒడీల్, మా చర్చే. ఇప్పటికీ నేను కూర్చున్న వరసలో కూర్చోదు. 'మనవాడివై ఉండి నా కొడుకుని నువ్వూ అమ్మేశావు' అంది ఒకసారి, అందరి ముందూ. నేను కాదన్నానని దానికి తెలీదు."

"చెప్పొచ్చుగా?"

"ఎవరు నమ్ముతారు? ఇక్కడ చీటీ ఇస్తారు. అవునో కాదో రాయాలి. జడ్జి చూసి, లెక్క సరిపోయిందంటాడు, కవర్లో పెట్టి సీలేస్తాడు. బయటికొచ్చేది 'జ్యూరీ తీర్పు' అన్న ఒక్క ముక్క. అందులో నువ్వూ ఉంటావు, నేనూ ఉంటాను."

జార్విస్ తల్లి వారమంతా రెండో బెంచీలో కూర్చుంది, ఆసుపత్రిలో గచ్చు తుడిచే నీలం యూనిఫాంలోనే. జ్యూరీ వైపు ఒక్కసారీ తలెత్తి చూడలేదు.

లోపలికి పిలుపొచ్చింది. నడవాలో టెరియో కావాలని ఆమె పక్కన నడిచాడు.

"చూడు లూర్లీన్, నువ్వు పనిచేసేది మా బావమరిది దగ్గరేగా? మంచిదానివని చెబుతుంటాడు. ఏం భయపడకు. చీటీలో నీకు తోచింది రాసుకో. ఎవరు కాదన్నారో ఊళ్ళో పురుగుక్కూడా తెలీదు. నీ మంచికే చెబుతున్నా."

నిజంగానే మంచికి చెబుతున్నాననుకున్నాడు ఆ పెద్దమనిషి. అదీ మా ఊరి పెద్దమనుషుల గొప్ప! గొంతు నొక్కేసి, నొప్పి పుట్టలేదు కదా అని పరామర్శిస్తారు.

కోర్టు హాల్లో జడ్జి తల వెనక రాష్ట్ర ముద్ర ఉంది. తల్లి గూడబాతు తన రొమ్ము చీల్చి పిల్లలకు నెత్తురు పడుతుంటుంది. దానికింద ఐక్యత, న్యాయం, విశ్వాసం అని అక్షరాలు. చిన్నప్పుడు బళ్ళో లూర్లీన్ ఆ బొమ్మ రంగులేసి గీసి మెప్పు పొందింది. ఇవాళ దాని మొహం చూడబుద్ధి కాలేదు.

టెరియో తీర్పు చదివాడు. నేరం రుజువైంది. జార్విస్ మెడ వంగిపోయింది. రెండో బెంచీలో నీలం యూనిఫాం కదల్లేదు.

"ఒక్కొక్కరి అభిప్రాయం తీసుకోండి" అన్నాడు జార్విస్ లాయరు, అలవాటుగా. గుమాస్తా చీటీలు పంచింది. పెన్నులు గీరుకున్న చప్పుడు. ఒక్కొక్క చీటీ మడత పడి పళ్ళెంలోకి వెళ్ళింది. గుమాస్తా లూర్లీన్ ముందు ఆగింది.

లూర్లీన్ తెల్ల చీటీని ఒళ్ళో వదిలేసి లేచి నిలబడింది.

"నేను రాయనండీ. నోటితో చెబుతాను."

జడ్జి కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఇక్కడ రాతపూర్వకంగానే ఇవ్వాలమ్మా. నీ మేలుకోసమే ఆ ఏర్పాటు. కూర్చో."

"నా మేలు నాకొద్దండీ." గొంతు పెంచింది. "నేను కాదన్నాను. ఆ లోపల మొదట్నుంచీ కాదనే అన్నాను. ఎందుకని అడిగినవాడు లేడు. పేకాడుకున్నారు."

"కూర్చో!"

ఆమె జడ్జికేసి చూడటం మానేసి రెండో బెంచీకేసి తిరిగింది. "ఏమ్మా, ఇటు చూడు. పన్నెండుమందిమీ నీ కొడుకుని పంపించామనుకోకు. నేను పంపించలేదు. రేపు బజార్లో నేను కనబడితే మొహం తిప్పుకోకు."

జార్విస్ తల్లి తలెత్తింది. వారంలో మొదటిసారి ఆ కళ్ళు జ్యూరీ వైపు చూశాయి.

"ఆవిడ మాటలు రికార్డులోంచి తీసెయ్యండి" అన్నాడు జడ్జి. టైపు చేస్తున్నావిడ చేతులు ఆగాయి. "ఆ చీటీ లేకపోయినా ఫరవాలేదు, పది ఉంటే చాలు. తీర్పు చెల్లుతుంది. డెప్యూటీ, ఆవిణ్ణి కూర్చోబెట్టండి."

చెల్లింది. చెల్లకుండా ఎలా ఉంటుంది? చెల్లేట్టు రాసుకున్నారు కదా.

డెప్యూటీ బూట్లు చప్పుడు చేసుకుంటూ ఇటే వస్తున్నాడు. ముందు వరసలో టెరియో తల వెనక్కి తిప్పి, 'నీ ఉద్యోగం నువ్వే పోగొట్టుకున్నావు' అన్నట్టు ఆమెని చూశాడు. లూర్లీన్ ముందున్న కమ్మీని గాట్లు పడ్డ వేళ్ళతో గట్టిగా పట్టుకుంది. కూర్చోలేదు.

ఆమె పక్కన ఆక్టేవ్ అప్పటికే 'కాదు' అని రాసి నాలుగు మడతలు పెట్టాడు. పళ్ళెం ఆయన ముందుకొచ్చింది. ఆయన పళ్ళెం వైపు చూశాడు, రెండో బెంచీ వైపు చూశాడు. హాలు వెనక, తలుపు దగ్గర, ఎవరి కేసు విచారణకొచ్చినా వచ్చి నిలబడే ఆడవాళ్ళ గుంపులో ఒడీల్ కూడా ఉంది.

ఆక్టేవ్ చీటీని గుప్పిట్లో బిగించి, మోకాలి మీద చెయ్యి ఆనించి, మెల్లగా పైకి లేవసాగాడు.