బట్టలు వాలిన వైపు

ఆఫీసుకు వెళ్తూ వెళ్తూ చెల్లెలు రోజూ అన్నయ్య టైలరింగ్ షాపు దగ్గర ఆగేది. గుమ్మంలోంచే "ఎంత చూపిస్తోంది?" అని అడిగేది. అన్నయ్య మిషన్ తొక్కడం ఆపకుండానే నడుముకు కట్టుకున్న పెట్టెను కాస్త పైకెత్తి చూపించేవాడు. దాని మీద అంకె బాగుంటేనే ఆమె లోపలికొచ్చి వదిన ఇచ్చిన టీ తాగేది.

గుండె బాగా బలహీనపడ్డాక డాక్టర్లు ఆయనకు లోపల ఒక చిన్న పంపు అమర్చారు. దాని వైరు పొట్టలోంచి బయటికొచ్చి ఆ పెట్టెలోకి వెళ్తుంది. ఆ పంపు తయారుచేసే కంపెనీలోనే చెల్లెలి ఉద్యోగం. పంపులోంచి ఎంత రక్తం పోతోందో కొలిచే మీటరంటూ లోపల ఏదీ ఉండదు. పెడితే దాన్ని పట్టుకుని రక్తం గడ్డకట్టొచ్చు, లేదా అదే పాడైపోవచ్చు. అందుకని మోటారు ఎంత వేగంగా తిరుగుతోంది, ఎంత కరెంటు లాగుతోంది, రక్తం ఎంత చిక్కగా ఉంది అన్నవి చూసి లెక్కగట్టి, ఆ అంకెనే పెట్టె మీద చూపిస్తారు. ఆ లెక్క రాసినవాళ్లలో ఆమె ఒకతె. అన్నయ్య ప్రాణం తన లెక్క మీద నడుస్తోందన్న దిగులు ఆమెను తిన్న తిండి ఒంటబట్టనిచ్చేది కాదు.

పంపుతో ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ షాపులో బట్టలు అన్నయ్య వైపు వాలేవి. గాలి లేకపోయినా సరే, హ్యాంగర్లకున్న చొక్కాలూ గౌన్లూ ఆయన ఎటు కూర్చుంటే అటు ఒరిగేవి. ఆయన హుషారుగా పనిచేస్తుంటే ఎక్కువ, కునుకు తీస్తుంటే తక్కువ. దాన్నెవరూ వింతగా చూడలేదు. ఇస్త్రీ నలుగుతోంది, కాస్త అవతలికి జరగమని బట్టలిచ్చినవాళ్లు విసుక్కునేవాళ్లు. వదిన మాత్రం, తొందరగా ఆరతాయని, తడి దుప్పట్లు తెచ్చి ఆయన వెనకే ఆరేసేది.

ఒకరోజు పొద్దున అంకె పెరిగింది. మర్నాడు ఇంకా పెరిగింది. అన్నయ్య పొంగిపోయి, కుర్రాళ్లకు కూడా ఇంత ఉండదని వచ్చినవాళ్లందరికీ పెట్టె చూపించాడు. చెల్లెలికీ సంతోషించాలనే ఉంది. టీ గ్లాసు అందుకుంటూ యథాలాపంగా పైకి చూసింది. చొక్కాలన్నీ నిటారుగా వేలాడుతున్నాయి.

"ఇవి ఎప్పట్నుంచి ఇలా ఉన్నాయి వదినా?"

"నిన్నట్నుంచి. దుప్పటి ఇంకా పచ్చిగానే ఉంది" అంది వదిన.

చెల్లెలు టీ గ్లాసు కింద పెట్టేసింది. పంపులో రక్తపు గడ్డ చేరితే మోటారు తిరగడానికి ఆపసోపాలు పడుతుంది. ఎక్కువ కరెంటు లాగుతుంది. లెక్కకు ఆ అవస్థ తెలియదు. కరెంటు పెరిగింది కాబట్టి రక్తం ఎక్కువ పోతోందనుకుంటుంది. ఈ సంగతి ఆఫీసులో ఒకసారి మాటల్లో వచ్చింది. అరుదుగా జరిగేదేగా అని అందరూ వదిలేశారు. అందులో తనూ ఉంది.

ఆస్పత్రికి బయల్దేరమంటే అన్నయ్య కదల్లేదు. సాయంత్రానికి ఇవ్వాల్సిన ప్యాంట్లున్నాయన్నాడు. ఆఖరికి నవ్వాడు.

"లెక్క రాసింది నువ్వే కదే. నీ మీద నీకే నమ్మకం లేదా?"

"లేదన్నయ్యా. పద."

ఆ గొంతు విని ఆయన లేచాడు. ఆటోలో కూర్చున్నాక మెల్లగా అసలు విషయం చెప్పాడు. ఎవరిదో తెల్ల చొక్కా కత్తిరిస్తుంటే ముక్కులోంచి రక్తం కారి గుడ్డ పాడైందట. మళ్లీ అలా జరుగుతుందేమోనని రక్తం పలచబరిచే మాత్రలు మానేశాడట. వదిన ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పెట్టె చూసి అంకె బాగానే ఉందే అంది. బట్టలు వాలడం లేదని చెల్లెలు చెప్పింది.

"చేతిరుమాలు కూడానా?"

"రుమాలు కూడా."

డాక్టరమ్మ ఇంకేమీ అడక్కుండా రక్తపరీక్షలకు రాసింది. గడ్డ ఉన్నమాట నిజమే. దాన్ని కరిగించే మందు ఎక్కిస్తూ, ఇది మెదడులో రక్తస్రావానికి దారితీసే ప్రమాదమూ ఉందని ముందే చెప్పింది. మందు చుక్కచుక్కగా దిగుతున్నంతసేపూ చెల్లెలు గుక్కెడు నీళ్లు కూడా తాగలేకపోయింది. చాలాసేపటికి మోటారు కరెంటు నెమ్మదించింది. అన్నయ్య కళ్లు తెరిచి, ప్యాంట్లవాళ్లకు కబురు చెప్పారా అని అడిగాడు. వదిన అప్పుడు ఏడ్చింది.

అన్నయ్య కోసం పెట్టిన సెలవు అయ్యాక చెల్లెలు నేరుగా పై అధికారి గదిలోకి వెళ్లింది. కారణం కనిపించకుండా కరెంటు పెరిగితే పెట్టె అంకె చూపించకూడదని, 'తెలియదు' అని చూపించి మోగాలని చెప్పింది.

"పేషెంట్లు భయపడతారు కదమ్మా?"

"భయపడి ఆస్పత్రికి వస్తారు సార్."

ఆయన సరేనన్నాడు. పరీక్షలూ అనుమతులూ పూర్తయ్యేసరికి చాలా కాలం పట్టింది.

ఆ తర్వాత ఎక్కడో ఒక బడి వంటగదిలో, కూర కలుపుతున్న ఒకావిడ నడుము దగ్గర అలాంటిదే ఒక పెట్టె మోగింది. ఆవిడ చుట్టూ ఏ బట్టలూ ఎప్పుడూ వాలలేదు. కొంగు తొలగించి చూసుకుంది. అంకె ఉండాల్సిన చోట 'తెలియదు' అని ఉంది. ఆవిడకు భయమేసింది. పొయ్యి ఆపేసి, గరిటె పక్కనున్నామె చేతిలో పెట్టి, ఆస్పత్రికి బయల్దేరింది.