ఖాళీ గొట్టంలో సీసం

బూజు దులుపుతానని స్టూలెక్కి ముంజేయి విరగ్గొట్టుకోవడం ఆయన ఇష్టం. కానీ ఎక్కేముందు, ఆదివారాలు పెళ్ళాం జుట్టుకు రంగు ఎవరు వేస్తారో ఒక్క క్షణం ఆలోచించాల్సింది. నెల తిరిగేసరికి ఆమె పాపిట పక్కన తెల్లటి చార తేలింది. అదీ ఆమె రిటైరయ్యే రోజుకి.

"పోనీ ఎడం చేత్తో వెయ్యనా?" అన్నాడు భర్త, కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని.

"వద్దులెండి. కుడిచేత్తో వేస్తేనే నా చెవులకి కూడా వయసు తగ్గింది."

పరిశోధనశాలలో ఆమెను ఎదుట మేడమ్ అనీ, చాటున సీసమ్మ అనీ పిలుస్తారు. చాటు పేరే ఆమెకు నచ్చింది గాని బయటపడలేదు. పాత బ్యాటరీలు పగలగొట్టే వీధుల్లో తిరిగి, పిల్లల వేలికొసల నుంచి రక్తపు చుక్కలు తెచ్చి, వాటిలో సీసం కొలవడంతోనే ఆమె ఉద్యోగమంతా గడిచింది. సీసం ఎముకల్లో కాల్షియం కుర్చీలో కూర్చుంటుంది, లెమ్మంటే లేవదు. ఆ కొలత కోసం ఆమె మొహానికి పౌడరు మానింది, వేలి ఉంగరం తీసేసింది.

రక్తం గొట్టాల పక్కన ఎప్పుడూ ఒక ఖాళీ గొట్టం పెడతారు. అందులో శుద్ధమైన నీళ్లూ, కాస్త ఆమ్లమూ తప్ప ఇంకేమీ ఉండవు. దాంట్లో సీసం కనిపించిందంటే అది కొలిచేవాళ్ల దగ్గర్నుంచి వచ్చినట్టే. కొన్నేళ్ల కిందట అది కనిపించడం మొదలైంది. ఆమె సబ్బునూ, చేతి తొడుగులనూ, కిటికీ దుమ్మునూ పరీక్షించింది. చివరికి సహాయకుడు చేతులు కడిగిన నీళ్లను కూడా వదల్లేదు. వాటిలో ఏమీ దొరక్కపోతే, ముందే తోముకుని వచ్చుంటాడనుకుంది. వారపు సమావేశంలో అందరి ముందూ, "నీ చేతులు శుభ్రంగా ఉండవు. ఆ గదిలోకి రాకు" అంది. అప్పటినుంచి అతను కింద గాజుసామాను కడుగుతున్నాడు. సీసం మాత్రం తగ్గలేదు. గది ఇంకా తేరుకోలేదని ఆమె సరిపెట్టుకుంది.

ఈ ఉదయం ఆఖరిసారి ఖాళీ గొట్టాలు చూసింది. ఏమీ లేదు. ఈ నెల వెనక్కి తిరగేసింది. నెలంతా ఏమీ లేదు. ఏం మారిందబ్బా అనుకుంటూ తల మీది టోపీ సర్దుకోబోయింది. చెయ్యి పాపిట పక్కన తెల్లచారకు తగిలింది. రంగు వేసుకుని నెలయింది.

వెనకవైపు నల్లజుట్టు కొంచెం కత్తిరించి ఆమ్లంలో కరిగించింది. మధ్యాహ్నానికి యంత్రం తెర మీద గీత గోడెక్కిన పిల్లిలా లేచింది. పిల్లల బొమ్మల రంగును కూడా నమ్మని మనిషి, రంగు సీసా మీది పచ్చటాకు బొమ్మను నమ్మింది.

కిందికి దిగి వెళ్లింది. సహాయకుడు తడిసిన రబ్బరు చెప్పులతో నిలబడి, కుళాయి తిప్పి గాజుపాత్రలు కడుగుతున్నాడు.

"ఏమయ్యా, ఆ సీసం నా జుట్టు రంగులోది. పొరపాటు పడ్డాను."

అతను ఆమె తల వంక చూశాడు. "అయితే నన్ను గెంటింది మీ తలకాయా?"

"అవును."

"గెంటేటప్పుడు పదిమందిలో గెంటారు మేడమ్. మా ఆవిడ ఇప్పటికీ నన్ను పిండి ముట్టనివ్వదు, సీసం చేతులంటుంది. ఇప్పుడేమో ఈ కుళాయి చప్పుళ్లో చెబుతున్నారు."

అతను ఇంకో పాత్ర అందుకున్నాడు.

సాయంత్రం వీడ్కోలు సభలో డైరెక్టరు, ఆమె కొలతలో ఇన్నేళ్లలో ఒక్క తేడా రాలేదన్నాడు. చప్పట్లు కొట్టారు. సహాయకుడు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె లేచింది.

"వచ్చింది. ఖాళీ గొట్టాల్లో సీసం నా తల రంగు నుంచి వచ్చింది. ఆ నింద నేను ఇతని చేతుల మీద పెట్టాను. మీ అందరి ముందే అన్నాను. తప్పు నాది."

డైరెక్టరు తడబడి, "మేడమ్‌ది పెద్ద మనసు..." అన్నాడు.

"మనసు సంగతి నాకు తెలీదండీ, ఇవాళ కొలిచి చూశాను. ఆ ఏళ్లలో దాచిన రక్తమంతా మళ్లీ పరీక్షించాలి. ఇతనే చెయ్యాలి."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఫొటోకి ఆగకుండా ఆమె ఇంటికెళ్లిపోయింది.

కుర్చీలు సర్దేసే వేళకి మేడమీద కొలతల గది గుమ్మం బయట, తడి ఇంకా ఆరని రబ్బరు చెప్పుల జత ఒకటి విడిచి ఉంది.